జీతము లేని ఆచార్యపీఠము

తెలుగు భాషకు ప్రాచ్య ఇటాలియను అను బిరుదు కలదని మనము తరచుగా చెప్పుకొని సంతసించుచుందుము. రెండు భాషలయందును మాటలు అచ్చులతో ముగియుటయు, ఉచ్చారణము చెవికింపుగ నుండుటయు ఇందుకు కారణములు. అయితే ఆ ఇటాలియను భాష తాను పుట్టిన దేశము దాటి పరదేశపు విద్యాలయములలో ఎట్లు కాలుమోపెనో, దానిని అచ్చట నిలుపుటకు ఎవరెట్టి పాట్లు పడిరో విచారించిన వారు మనలో తక్కువ. ఇంటి భాష యొకటియు, వీధి భాష వేరొకటియు గల సీమలలో తరతరములుగ వసించుచున్న తెలుగువారికి ఈ విచారము వట్టి కుతూహలము కాజాలదు. కావుననే లొరెంజో దాపోంతే అను నతని చరిత్రమును నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

సంగీత రసికులకు ఈ పేరు కొత్తది కాదు. మోజార్టు కూర్చిన మహోత్తమములైన గేయనాటకములలో మూడింటికి సాహిత్యమును సమకూర్చినవాడు ఈతడే. అయితే ఆ మూడు నాటకముల పిమ్మట ఈతడు దాదాపు అర్ధశతాబ్దము జీవించెను. అందులో ముప్పదిమూడు సంవత్సరములు అమెరికాలో గడపెను. న్యూయార్కునందలి కొలంబియా కళాశాలలో ఇటాలియను సాహిత్యమునకు ప్రథమాచార్యుడయ్యెను. మేము ముఖ్యముగ చెప్పదలచినది ఈ రెండవ జీవితమును గూర్చియే. కాని మొదటిది తెలియక రెండవది బోధపడదు.

వెనిస్ గణరాజ్యమునకు లోబడిన చెనెడా అను చిన్న పట్టణమున 1749వ సంవత్సరము మార్చి 10వ తేదీన ఒక యూదుల యింట ఈతడు జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎమాన్యుయేలే. ఇంటిపేరు కోనెల్యానో. తండ్రి తోళ్ల వర్తకుడు. అయిదేండ్ల ప్రాయమున తల్లి గతించెను. కొంతకాలమునకు తండ్రి ఒక క్రైస్తవ కన్యను వివాహమాడ దలచెను. ఆ కాలపు కట్టుబాట్లను బట్టి మతము మారినగాని అట్టి వివాహము పొసగదు. అందుచే 1763వ సంవత్సరమున తండ్రియు కుమారులును క్రైస్తవమును స్వీకరించిరి. జ్ఞానస్నాన మిచ్చిన బిషప్పు పేరే, ఆనాటి ఆచారము ననుసరించి, పెద్దకుమారునకు వచ్చెను. పదునాలుగేండ్ల ఎమాన్యుయేలే ఆనాటినుండి లొరెంజో దాపోంతే అయ్యెను.

ఆ బిషప్పు దయవలననే ఈ బాలునకు చదువబ్బినది. అంతవరకు ఇంటిలో అటకపై పడియున్న పాత పుస్తకములు తప్ప వేరు గురువు లేడు. మతగురువులను తయారుచేయు పాఠశాలలో ప్రవేశించి లాటిను నేర్చెను. పిదప దాంతే, పెత్రార్క, అరియోస్తో, తాస్సో మొదలగు తన భాషాకవుల గ్రంథములపై మనసు నిలిపెను. దాంతే కావ్యములోని నరకఖండమును కొలది మాసములలో దాదాపుగ కంఠస్థము చేసితినని వార్ధక్యమున తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. 1773వ సంవత్సరమున మతగురువుగ దీక్ష నొందెను. పేదరికమే ఆ దీక్షకు ముఖ్యకారణము గాని, స్వభావమున నతడు విరాగి కాడు.

1774లో త్రెవీజో నగరమున సాహిత్యాధ్యాపకుడుగ కుదిరెను. రెండేండ్లకే ఆ పదవి యూడినది. నాగరిక సంఘమున బ్రదుకు మానవుడు ఆటవికునికంటె సుఖియా యను ప్రశ్నపై విద్యార్థులు సభలో చదువుటకై ఈతడు కొన్ని పద్యములు వ్రాసెను. రూసో భావములు ప్రబలుచున్న దినము లవి. ఆ పద్యములలో రాజ్యమునకును మతమునకును హానికరములగు భావములున్నవని వెనిస్ ప్రభుత్వము విచారణ జరిపి, గణరాజ్యములో నెక్కడను బోధకవృత్తి చేయరాదని ఈతని శాసించెను. అట్లు ఇరువది యేడేండ్ల వయసున స్వదేశమున అధ్యాపకత్వమునుండి వెలియైన ఈతడే, డెబ్బదియారవ యేట సముద్రమున కావల ఆచార్యుడు కావలసియుండెను.

ఈతని దోషములను కప్పిపుచ్చుట మా ఉద్దేశము కాదు. మతగురువై యుండియు పరస్త్రీ సంబంధములతోను, జూదముతోను వెనిస్ నగరమున కాలము గడపెను. అందుచేత 1779వ సంవత్సరమున న్యాయస్థానము పదునైదేండ్లు దేశబహిష్కారము విధించెను. స్వీయచరిత్రలో ఈ శిక్షకు రాజకీయ కారణములను చెప్పుకొని తన తప్పును తేలికచేసికొనెను. యూదుల యింట పుట్టిన సంగతి నందు ప్రస్తావింపనేలేదు. కావున ఆ గ్రంథమును చదువువారు జాగ్రత్తగ చదువవలయును. భాషయం దాతనికి గల ప్రేమను గూర్చి మాత్రము ఆతని మాటలకంటె చేతలే సాక్ష్యమిచ్చుచున్నవి.

బహిష్కృతుడై ఆస్ట్రియా చక్రవర్తుల రాజధానియగు వియన్నా చేరెను. సంగీతకళాభిమానియగు రెండవ జోసఫు చక్రవర్తి 1783లో ఇటాలియను నాటకశాలకు కవిగ నియమించెను. సాలియేరీకి వ్రాసి యిచ్చిన తొలి నాటకము రక్తికట్టక నవ్వులపాలయ్యెను. అంతటితో అధైర్యపడక నాటకరచనా మర్మములను శ్రమించి నేర్చుకొనెను. 1786లో ఫిగారో వివాహము వియన్నాలోను, 1787లో డాన్ జొవాన్ని ప్రాగు నగరమునను, 1790లో కోసీ ఫాన్ తుత్తే మరల వియన్నాలోను మోజార్టు సంగీతముతో ప్రదర్శింపబడెను. వీనిలో మొదటిదానికి మూలమైన ఫ్రెంచి నాటకమును ప్రభువర్గమును ఎత్తిపొడుచుచున్నదని చక్రవర్తియే వియన్నా రంగస్థలమున నిషేధించియుండెను. ఆ పోటును కొంత తగ్గించి, హాస్యమును నిలిపి, చక్రవర్తిని ఒప్పించుట దాపోంతే నేర్పు.

భాగ్యము నిలువలేదు. 1790 ఫిబ్రవరిలో జోసఫు చక్రవర్తి మరణించెను. మరుసటి సంవత్సరము దాపోంతే కొలువునుండి తొలగింపబడెను. ఆ సంవత్సరమే డిసెంబరులో మోజార్టు సైతము కాలధర్మము నొందెను. త్రియెస్తె రేవుపట్టణమున నాన్సీ అను వర్తకుని కుమార్తెను జీవిత సహచారిణిగ గ్రహించి 1792లో లండను చేరెను. అచ్చట నాటకశాలకు కవియయ్యెను, అచ్చుకూటము పెట్టెను, పుస్తకముల దుకాణము తెరచెను. నాటకశాల యజమానుని అప్పులకు హామీపడి మునిగెను. అప్పులవారి వలన పలుమారు నిర్బంధింపబడెను. తుదకు వారి కన్నుగప్పి 1805లో ఓడనెక్కి అమెరికా పోవలసివచ్చెను. భార్యాబిడ్డలు అంతకు ముందే పోయియుండిరి.

జూన్ మాసమున ఫిలడెల్ఫియా రేవున దిగునాటికి ఆతని వయస్సు ఏబదియారు సంవత్సరములు. న్యూయార్కులో కిరాణా దుకాణము తెరచెను. మోజార్టు కొరకు గేయములు కూర్చిన చేతితో తేయాకును, పొగాకును తూచి అమ్మవలసిన తన గతికి తానే నవ్వుకొంటినని వ్రాసెను. ఆ వ్యాపారమును దెబ్బతినెను.

1807వ సంవత్సరమున న్యూయార్కులోని ఒక పుస్తకముల అంగడిలో ఈతని బ్రదుకు మలుపు తిరిగినది. ఇటాలియను గ్రంథములేమైన నున్నవా యని అంగడివానితో మాటాడుచుండగా, అచ్చటనే యున్న ఒక యువకుడు సంభాషణలో కలిసెను. ఆ భాషలో చెప్పుకోదగిన సాహిత్య మేమున్నదని ప్రసంగము వచ్చెను. దాపోంతే తన భాషాకవుల నొక్కొక్కరినే పేర్కొనుచు, వారి గుణములను వర్ణించుచు ధారాళముగ ప్రసంగించెను. ఆ యువకుడు క్లెమెంట్ మూర్. ఈతని తండ్రి బిషప్పు మాత్రమేగాక కొలంబియా కళాశాలకు అధ్యక్షుడు. దాపోంతే కొలది దినములలోనే మూరునకును, ఆతని మిత్రులకును ఇటాలియను పాఠములు చెప్ప నారంభించెను. ఈ మైత్రి జీవితాంతము నిలిచినది.

ఆతని బోధనాపద్ధతి గమనింపదగినది. వ్యాకరణము నేర్పి, వర్తకమునకో ప్రయాణమునకో పనికివచ్చు నాలుగు మాటలు చెప్పి విడిచిపెట్టుట ఆతని మార్గము కాదు. త్వరలోనే శిష్యుల చేతికి మహాకవుల గ్రంథముల నందించెడివాడు. ఇంటిలోనే చిన్న రంగస్థలము గట్టి వారిచే ఇటాలియను నాటకము లాడించెను. కొందరు శిష్యులు ఆతని యింటనే బసచేసి భోజనము చేయుచుండిరి. వంట నాన్సీది. భోజనపుపంక్తిలో సంభాషణము ఇటాలియను భాషలో సాగుచుండెను. ఒక దేశపు భాషను, సాహిత్యమును, ఆచారమును, రుచిని వేరువేరుగ తెంచి నేర్పుట తగదని ఆతడు ఏ శాస్త్రమునందును చదువలేదు. ఇల్లే ఆతనికి విద్యాలయమైనందున ఆ సత్యము అనుభవమున తెలిసినది.

అయినను బోధనవలన కుటుంబము గడవలేదు. 1811లో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి సన్‌బరీ అను చిన్న ఊరికి కాపురము మార్చి మరల వ్యాపారమున దిగెను. కిరాణాసరకులు, మద్యపు బట్టీ, బండ్ల రవాణా, ఏది పట్టినను నష్టమే మిగిలినది. ఎనిమిదేండ్లు అట్లు వ్యర్థమైన పిమ్మట 1819 నాటికి డెబ్బదియేండ్ల వృద్ధుడై న్యూయార్కు తిరిగివచ్చెను. పాతశిష్యులు ఆదరించిరి. కుమారులలో నొకడు యౌవనమున మరణించినపుడు, ఆ దుఃఖమును మరచుటకై బైరను కవి దాంతేను గూర్చి వ్రాసిన కావ్యమును ఇటాలియనులోనికి తెనిగించినట్లు తేటగ మార్చి ప్రకటించెను. తన స్వీయచరిత్రమును 1823 మొదలుకొని న్యూయార్కులోనే ఇటాలియను భాషలో సంపుటములుగ అచ్చువేసెను. ఆ నగరమున దానిని చదువగలవారిలో పెక్కుమంది ఆతడు చదివించినవారే.

పుస్తకములు తెప్పించుట ఆతనికి వ్యసనమువంటిది. ఆతడు వచ్చునాటికి న్యూయార్కులో ఇటాలియను గ్రంథములు మిక్కిలి అరుదు. ఇటలీనుండి ఓడలమీద పెట్టెలకొలది గ్రంథములు తెప్పించి, శిష్యులకును, గ్రంథాలయములకును అమ్మెను. లాభమునకు బదులు అప్పులే పెరిగినను ఈ పని మానలేదు. గురువు పోయినను గ్రంథము నిలుచునను నమ్మకము ఆతనిది.

1825వ సంవత్సరమున కొలంబియా కళాశాల ధర్మకర్తలు ఈతని ఇటాలియను సాహిత్యమునకు ఆచార్యునిగ నియమించిరి. మూరు అప్పటికి ఆ ధర్మకర్తలలో నొకడు. అమెరికాలో ఇటాలియను భాషను కళాశాలయందు బోధించుట ఇదియే మొదలని చెప్పరాదు. వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో కార్లో బెల్లీనీ అను నాతడు 1779 నుండియే ఆధునిక భాషలను బోధించెను. హార్వర్డునందును 1825లోనే ఇటాలియను బోధన ప్రారంభమైనది. కాని కొలంబియాలో ఆ సాహిత్యమున కొక ప్రత్యేక ఆచార్యపదవి ఏర్పడి, దాని నలంకరించిన మొదటివాడు దాపోంతే. యూదునిగ పుట్టి, క్రైస్తవ మతగురువుగ దీక్షనొందిన మొదటి ఆచార్యుడును ఆ కళాశాలకు ఈతడే యని చెప్పుదురు.

ఇంత గౌరవమునకును జీతము లేదు. ఇటాలియను నిర్బంధపాఠ్యము కాదు. ఇష్టమున్న విద్యార్థి వచ్చి చేరవచ్చును. చేరినవా డిచ్చు రుసుమే ఆచార్యుని రాబడి. మొదట కొందరు చేరిరి. పిదప సంఖ్య తగ్గి తగ్గి తరగతి శూన్యమైనది. గ్రీకు, లాటిను, గణితములతో సతమతమగు విద్యార్థులకు, పరీక్షలో లెక్కకురాని ఈ చదువునకు తీరిక ఏది? విద్యార్థులు లేని ఆచార్యుడనని దాపోంతే బహిరంగముగ మొరపెట్టుకొనెను. తన గ్రంథములను కొని, కొంత నిశ్చితమైన వేతన మిచ్చినయెడల నిర్ణీతసంఖ్యాకులగు విద్యార్థులకు బోధింతునని ధర్మకర్తలకు విన్నవించెను. వారు కొన్ని గ్రంథములను కొనిరి గాని వేతనమునకు సమ్మతింపలేదు. రాజీనామా యిచ్చుటకును సిద్ధపడెను. తుదకు పేరుమాత్రపు ఆచార్యుడుగనే మరణపర్యంతము మిగిలిపోయెను.

ఇది యొక్క దాపోంతే దురదృష్టము కాదు. 1828లో లండను విశ్వవిద్యాలయమున ఇటాలియను ఆచార్యుడైన ఆంటోనియో పానిట్జీ సైతము దేశాంతరగతుడే. స్వదేశమున మరణశిక్ష విధింపబడినవాడే. ఆతనికిని విద్యార్థులు బహుకొలదిగ లభించిరి. 1831లో బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయమున ఉద్యోగము దొరకుటచే ఆతడు బ్రదికెను. పిదప ఆ గ్రంథాలయమునకే ప్రధానాధికారియై ప్రఖ్యాతి గాంచెను. అదే లండను విశ్వవిద్యాలయమున, భారతదేశమునుండి మరలిపోయిన పిమ్మట, మన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు ఆచార్యుడుగ నుండెనని తలచుకొన్నపుడు పరభాషాపీఠముల ఏకాంతము మనకు మరింత సన్నిహితముగ తోచును.

తరగతి శూన్యమైనను దాపోంతే ఊరకుండలేదు. 1825 చివర గార్సియా అను గాయకుని బృందము న్యూయార్కునకు వచ్చి ఇటాలియను గేయనాటకములను ప్రదర్శింప మొదలిడెను. దాపోంతే వారిని కలిసికొని ప్రోత్సహింపగా 1826 మే నెలలో డాన్ జొవాన్ని ఆ నగరమున ప్రదర్శింపబడెను. దాదాపు నలువదేండ్ల క్రిందట ప్రాగు నగరమున మోజార్టుతో కూడి నిలిపిన నాటకమును ఆతడు నవఖండమున మరల కనులార చూచెను. అంతటితో తృప్తినొందక ధనికులను ప్రోత్సహించి, ఇటాలియను నాటకములకే ప్రత్యేకముగ ఒక భవనము కట్టించెను. అది 1833 నవంబరున తెరువబడునాటికి ఆతడు ఎనుబదినాలుగేండ్లవాడు. రెండేండ్లలోనే నష్టములచే ఆ సంస్థ మూతపడెను. కొలది కాలమునకు ఆ భవనమును అగ్నికి ఆహుతియయ్యెను.

ఎనుబది దాటిన తరువాతనే బ్రాడ్వే వీధిలో చివరిసారిగ పుస్తకముల దుకాణము తెరచెను. దాని ప్రక్కనే ఒక మిఠాయి అంగడి యుండెను. గొప్పవారి బండ్లు తన వాకిట నాగినపుడు వృద్ధుడు ఆశతో లేచెడివాడట. బండిలోని స్త్రీలు మిఠాయిలు ఇచ్చటనేనా అమ్ముట యని అడిగి ప్రక్కకు సాగిపోవుచుండిరట. ఇటాలియను మిఠాయిలు ఇచ్చట దొరకునని పలక కట్టి, లోనికి వచ్చినవారికి పెత్రార్క కవితను చూపుదునా యని తనలో తాను అనుకొనెనట. ఆ పరిహాసము వెనుకనున్న బాధను మేము వివరింప నక్కరలేదు.

1831లో భార్య మరణించెను. 1838 ఆగస్టు 17వ తేదీన తన ఎనుబది తొమ్మిదవ యేట ఆతడు న్యూయార్కులో కన్నుమూసెను. అంత్యక్రియలు సగౌరవముగ జరిగినవి. కాని సమాధిపై గుర్తు నిలుపలేదు. కాలాంతరమున ఆ శ్మశానవాటికయే తొలగింపబడి, అందలి శల్యములు వేరొకచోటికి చేర్పబడుటచే ఆతని సమాధి యిదియని చూపుటకు వీలులేకపోయినది. వియన్నాలో మోజార్టు సమాధికిని ఇట్టి గతియే పట్టినది. ఒకే నాటకమును సృజించిన యిరువురును గుర్తు తెలియని మట్టిలో కలిసిరి.

ఆతని పీఠము మాత్రము మట్టిలో కలియలేదు. 1839లో, ఆస్ట్రియా కారాగారమున ఏండ్లతరబడి మ్రగ్గి వచ్చిన ఫోరెస్తీ అను దేశభక్తుడు కొలంబియాలో ఇటాలియను ఆచార్యుడయ్యెను. హార్వర్డు ఆచార్యుడుగ నుండిన లాంగుఫెలో కవి 1867లో దాంతే మహాకావ్యమునకు ఆంగ్లానువాదమును సంపూర్ణముగ ప్రకటించెను. కొలంబియాయందు 1927లో ఇటాలియను విద్యలకొరకు కాసా ఇటాలియానా యను భవనము తెరువబడెను. ఇటాలియను ఆచార్యపీఠమునకు దాపోంతే పేరే పెట్టబడెను. వేతనమునకై విన్నవించి విఫలుడైనవాని పేరిట వేతనముగల పీఠ మేర్పడినది.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించున దేమి? విశ్వవిద్యాలయమున ఒక భాషకు పీఠము లభించినంతనే ఆ భాష అచ్చట నిలిచినదని సంతసించి యింటికి పోరాదు. పీఠమునకు వేతనము కావలయును. వేతనముకంటె ముందు విద్యార్థి కావలయును. విద్యార్థి రావలెనన్న, ఆ చదువునకు పాఠ్యక్రమమున స్థానమును, ఇంటిలో ఆదరమును, అలమరలో పుస్తకములును ఉండవలయును. దాపోంతేకు ఈ అన్నింటిలో తన చేతినుండి సమకూర్పగలిగినవి పుస్తకములును, ఆదరమును మాత్రమే. మిగిలినవి యితరులు సమకూర్పవలసినవి. వారు సమకూర్పలేదు.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తెలుగు చదువు చెప్పు ఉపాధ్యాయుల తరగతులను మేమెరుగుదుము. విద్యార్థుల సంఖ్య చాలదని మూతపడిన తరగతులను కూడ ఎరుగుదుము. ఆ ఉపాధ్యాయులను సన్మానించి శాలువలు కప్పుటయందు మనవారు వెనుదీయరు. కొలంబియా ధర్మకర్తలును దాపోంతేకు గౌరవమున లోటు చేయలేదు. ఆతడు కోరినది గౌరవము కాదు, ఎదుట కూర్చుండి చదువు విద్యార్థి. మన పిల్లలలో నొకనిని ఆ బల్లపై కూర్చుండబెట్టుట శాలువకంటె చౌక. ఆ పని చేయుటకు ధర్మకర్తల అనుమతియు అవసరము లేదు.